మొదటి ఎత్తు పక్కన ఉండే అంకె

చదరంగంలో తెల్లపావులు పట్టినవారి ముందు మొదటి ఎత్తుకే 20 దారులుంటాయి. ఎనిమిది బంట్లలో దేన్నైనా ఒక గడి జరపొచ్చు, లేదా రెండు గళ్లు జరపొచ్చు. అవి 16. రెండు గుర్రాలూ రెండేసి చోట్లకు దూకొచ్చు. అవి 4. నల్లపావులకూ అన్నే దారులు కాబట్టి, చెరో ఎత్తు పూర్తయ్యేసరికి బల్ల మీద 400 రకాల అమరికలు సాధ్యం. తెలుపు రెండో ఎత్తు వేసేసరికి 8,902 వరుసలు, నలుపు కూడా రెండోది వేస్తే 1,97,281. ఇంతా చేసి ఆట ఇంకా మొదట్లోనే ఉంటుంది. ఇన్నింటిలో ఏది ఆడాలి? ఈ తరం పిల్లలు దీనికి ఫోన్ తెరుస్తారు. ఇంతకుముందు ఆ ఎత్తు ఆడినవాళ్లు ఎంతమంది గెలిచారో, ఎంతమంది ఓడారో అందులో ఉంటుంది. ఎక్కువ శాతం ఉన్నదాన్ని ఎంచుకుంటారు.

ఆ శాతాన్ని నమ్మొచ్చా? నమ్మొచ్చు, కానీ నాలుగైదు ప్రశ్నలు అడిగిన తర్వాత. ఆ ప్రశ్నలేమిటో, వాటికి లెక్క ఎలా వేసుకోవాలో ఇక్కడ ఒక్కొక్కటిగా చూద్దాం. లెక్కలన్నీ ఎనిమిదో తరగతి గణితంతో తేలిపోయేవే.

ముందు ఈ అంకెలు ఎక్కడివో తెలియాలి. లిచెస్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో ‘ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్’ అనే పట్టిక ఉంది. ఓపెనింగ్ అంటే ఆట మొదట్లో పావులను బయటికి తెచ్చే పది పదిహేను ఎత్తుల వరుస. ఈ పట్టికలో ప్రధానంగా రెండు గాదెలున్నాయి. ఒకదాంట్లో 1952 నుంచి 2200కు పైబడిన ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) రేటింగ్ గలవాళ్లు బల్ల ముందు కూర్చుని ఆడిన ఆటలు, 20 లక్షలకు పైగా. రెండోదాంట్లో మామూలు జనం ఆ సైట్‌లో ఆడుకున్నవి, 500 కోట్లకు పైగా. మన ములుగు జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం సుమారు 2.95 లక్షలు. మొదటి గాదెను జిల్లాలో అందరికీ పంచితే మనిషికి ఏడు ఆటలు వస్తాయి. రెండోదాన్ని పంచితే మనిషికి దాదాపు 17,000. రోజుకు పది ఆటల చొప్పున ఆడినా అవి పూర్తికావడానికి నాలుగున్నరేళ్లు పడుతుంది.

ఒకప్పుడు ఇదంతా పుస్తకాల్లో ఉండేది. బెల్‌గ్రేడ్ నుంచి 1966లో మొదలైన ‘ఇన్‌ఫర్మేటర్’ సంపుటాలు, ఓపెనింగులన్నింటినీ 500 సంకేతాలుగా విడగొట్టిన విజ్ఞాన సర్వస్వం, తర్వాత 1980ల చివర్లో వచ్చిన చెస్‌బేస్ సాఫ్ట్‌వేర్. అవి కొనగలిగినవాళ్లకు, తెప్పించుకోగలిగినవాళ్లకు మాత్రమే అందేవి. ఇప్పుడు అదే సమాచారం అందరికీ ఉచితంగా దొరుకుతోంది. ములుగు నుంచి హనుమకొండ సుమారు 50 కిలోమీటర్లు. హనుమకొండకు చెందిన అర్జున్ ఇరిగేశి డిసెంబర్ 2024 ఫిడే జాబితాలో 2801 రేటింగ్ అందుకున్నాడు. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 గీత దాటిన రెండో భారతీయుడు అతనే. ములుగులో బడి అయ్యాక ఫోన్ పట్టుకునే అమ్మాయి తెరిచే పట్టికను ఆ స్థాయి ఆటగాళ్లూ తెరవగలరు. వాళ్ల దగ్గర ఇంకా చాలా సాధనాలుంటాయి, నిజమే. అయినా ఈ పట్టిక మాత్రం ఇద్దరికీ ఒకటే. చదివే పద్ధతిలోనే తేడా.

పట్టికలో ప్రతి ఎత్తు పక్కన ఒక అడ్డగీత ఉంటుంది. అందులో తెల్ల భాగం తెలుపు గెలిచిన ఆటలు, బూడిదరంగు భాగం డ్రాలు, నల్ల భాగం నలుపు గెలిచినవి. వీటి నుంచి స్కోరు ఎలా తీయాలి? గెలుపుకు ఒక పాయింటు, డ్రాకు అర. ఒక ఓపెనింగ్‌లో 1,000 ఆటలు జరిగాయనుకుందాం. తెలుపు 380 గెలిచింది, 300 డ్రా, 320 ఓడింది. 380కి 300లో సగం 150 కలిపితే 530. అంటే తెలుపు స్కోరు 53 శాతం. చాలామంది పిల్లలు తెల్ల భాగాన్ని మాత్రమే చూసి ‘38 శాతమే గెలుస్తుంది, ఇది చెత్త ఓపెనింగ్’ అని వదిలేస్తారు. డ్రాల్లో సగం కలపకుండా ఏ తీర్పూ చెప్పకూడదు.

53 అంటే బాగున్నట్టా, బాగాలేనట్టా? ఇది అడగాల్సిన ప్రశ్నే. తెలుపుకు మొదటి ఎత్తు వేసే అవకాశం ఉంది కాబట్టి కొద్దిపాటి మొగ్గు దానికి సహజంగానే ఉంటుంది. పెద్ద ఆటగాళ్ల లక్షల ఆటలను కలిపి చూస్తే తెలుపు స్కోరు 54 శాతం దగ్గర తేలుతుంది. కాబట్టి మీరు పోల్చాల్సింది 50తో కాదు, 54తో. తెలుపు ఓపెనింగ్ పక్కన 52 కనిపిస్తే అది సగటు కంటే తక్కువ. నలుపు ఓపెనింగ్ పక్కన 48 కనిపిస్తే సగటు కంటే ఎక్కువ. నలుపుకు 46 వస్తే చాలు, మామూలుగా ఆడినట్టే.

దీనికి మనకు దగ్గరి ఉదాహరణ ఉంది. చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్ 2024 డిసెంబర్‌లో సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను 7.5-6.5తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మొత్తం 14 ఆటలు. తొమ్మిది డ్రా. మిగిలిన ఐదింటిలో తెల్లపావులు మూడుసార్లు, నల్లపావులు రెండుసార్లు గెలిచాయి. తెలుపు స్కోరు లెక్కగట్టండి: మూడు గెలుపులు, తొమ్మిది డ్రాలకు నాలుగున్నర, మొత్తం 7.5. పద్నాలుగింటికి ఏడున్నర అంటే 53.6 శాతం. లక్షల ఆటల సగటుకు అతికినట్టే ఉంది.

ముచ్చటైన లెక్కే, కానీ దీన్ని రుజువుగా తీసుకోకూడదు. ఆఖరి ఆటలో గుకేశ్ నల్లపావులతో గెలిచాడు. అందులో డింగ్ చివర్లో ఏనుగుతో చేసిన ఒక్క పొరపాటు లేకపోతే ఆ ఆట డ్రా. అప్పుడు తెలుపు స్కోరు 8, అంటే 57 శాతం. ఒక్క ఎత్తుతో మూడున్నర శాతం మారిపోయింది! ఆటలు తక్కువగా ఉన్నప్పుడు శాతం అంత సులువుగా ఊగిపోతుంది.

ఎంత ఊగుతుందో చెప్పే సులభమైన సూత్రం ఉంది. ఆటల సంఖ్యకు వర్గమూలం కట్టి, 100ను దానితో భాగించండి. వచ్చిన అంకె అంత శాతం అటూ ఇటూ తేడా ఉండొచ్చని అర్థం. 25 ఆటలుంటే వర్గమూలం 5, తేడా 20 శాతం. 100 ఆటలకు 10 శాతం. 400కు 5. 2,500కు 2. పదివేలకు 1. డ్రాలు ఎక్కువగా ఉంటే తేడా ఇంకాస్త తగ్గుతుంది, కానీ ఇంటి లెక్కకు ఈ సూత్రం చాలు. ఇప్పుడు పట్టికలో 25 ఆటలున్న ఒక ఎత్తు పక్కన 64 శాతం చూశారనుకోండి. దాని అసలు విలువ 44 నుంచి 84 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. దాని పక్కనే 10,000 ఆటలున్న ఎత్తుకు 55 ఉంటే అది 54, 56 మధ్య ఉన్నట్టు. మొదటిది గొప్పదో కాదో ఎవరూ చెప్పలేరు. రెండోది సగటుకు తగ్గలేదని నమ్మకంగా చెప్పొచ్చు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలని మన పెద్దలంటారు. గిన్నెలోని గింజలన్నీ ఒకే మంట మీద, ఒకే నీళ్లలో ఉడికాయి కాబట్టి అక్కడ అది చెల్లుతుంది. చదరంగంలో ప్రతి ఆటకూ మనుషులు వేరు, రోజు వేరు, గడియారంలో మిగిలిన సమయం వేరు. అందుకే ఇక్కడ గుప్పెడు మెతుకులు కావాలి. నా సలహా: 400 ఆటల కంటే తక్కువున్న వరుసలో శాతాన్ని అసలు చూడొద్దు. అక్కడ ఏయే ఎత్తులు ఆడారన్నది మాత్రం చూడండి.

ఆటలు తగినన్ని ఉన్నాయి సరే, వాటిని ఎవరు ఆడారు? అన్నింటికంటే ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఇదే కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా వెళదాం. రెండు ఓపెనింగులున్నాయని ఊహించుకోండి, ‘క’, ‘చ’ అని పేర్లు పెడదాం. రెండింటికీ వెయ్యేసి ఆటలు. ‘క’కు 57 శాతం, ‘చ’కు 50 శాతం. ఎవరైనా ‘క’ వైపే వెళతారు. ఇప్పుడు ఆ ఆటగాళ్లను రెండు గుంపులుగా విడదీద్దాం, గట్టివాళ్లు, కొత్తవాళ్లు అని. ‘క’ను గట్టివాళ్లు 800 సార్లు ఆడి 60 శాతం, కొత్తవాళ్లు 200 సార్లు ఆడి 45 శాతం తెచ్చుకున్నారు. పాయింట్లు 480, 90, మొత్తం 570. ‘చ’ను గట్టివాళ్లు 200 సార్లే ఆడి 62 శాతం, కొత్తవాళ్లు 800 సార్లు ఆడి 47 శాతం తెచ్చుకున్నారు. పాయింట్లు 124, 376, మొత్తం 500.

మరోసారి చూడండి. గట్టివాళ్లకు ‘చ’ మేలు: 60 కంటే 62 ఎక్కువ. కొత్తవాళ్లకూ ‘చ’ మేలే: 45 కంటే 47 ఎక్కువ. రెండు గుంపులకూ మేలైన ఓపెనింగ్, మొత్తం మీద చూస్తే ఏడు శాతం వెనకబడి కనిపిస్తోంది! ఇందులో మాయ ఏమీ లేదు. ‘క’ను ఎక్కువగా గట్టివాళ్లు ఎంచుకున్నారు, వాళ్లు ఏది ఆడినా ఎక్కువే గెలుస్తారు, ఆ గెలుపులన్నీ ‘క’ ఖాతాలో పడ్డాయి. గణాంక శాస్త్రంలో దీన్ని సింప్సన్ వైరుధ్యం అంటారు. గుంపులు కలిపితే ఒక మాట, విడదీస్తే ఇంకో మాట చెప్పే లెక్క అన్నమాట.

నిజజీవితంలో ఇది ఎంత బలంగా ఉంటుందో అర్జున్ ఫలితమే చూపిస్తుంది. 2024లో బుడాపెస్ట్‌లో జరిగిన ఒలింపియాడ్‌లో అతను మూడో బోర్డు మీద 11 ఆటల్లో 10 పాయింట్లు సాధించి వ్యక్తిగత స్వర్ణం గెలిచాడు. భారత జట్టుకూ స్వర్ణం దక్కింది. పదకొండుకు పది అంటే 91 శాతం. ఆ 11 ఆటల్లో అతను మొదలుపెట్టిన ఓపెనింగులన్నీ ఒక పట్టికలో పెడితే వాటికి 91 శాతం అని పడుతుంది. అవే ఓపెనింగులు మీ ఊరి పిల్లవాడు ఆడితే 91 వస్తుందా? ఆ అంకెలో ఓపెనింగ్ వాటా కొంచెం, అర్జున్ వాటా చాలా.

ఆ వాటాలను విడదీయడానికి రేటింగ్ పనికొస్తుంది. ఆర్పాద్ ఈలో అనే ఆచార్యుడు రూపొందించిన ఈ పద్ధతిని ఫిడే 1970లో తీసుకుంది. ఇద్దరి రేటింగుల మధ్య తేడా చూసి, ఎవరు ఎంత స్కోరు చేయాలో ముందే చెబుతుంది. తేడా లేకపోతే 50 శాతం. 50 పాయింట్ల తేడా ఉంటే పైవాడికి 57. 100 ఉంటే 64. 200 ఉంటే 76. ఇప్పుడు ఒక ఓపెనింగ్‌లో తెలుపు స్కోరు 60 అని ఉంది, తెలుపు ఆడినవాళ్ల సగటు రేటింగ్ 2480, నలుపువాళ్లది 2380 అనుకుందాం. వంద తేడా ఉంది కాబట్టి ఓపెనింగ్ ఏదైనా 64 రావాలి, తెలుపు మొగ్గు కలిస్తే ఇంకా ఎక్కువ. వచ్చింది 60. పైకి ఘనంగా కనిపించే ఆ 60, నిజానికి నష్టం.

ఇంట్లో కూర్చున్నవారు సగటు రేటింగులు ఎలా లెక్కపెడతారంటే, అక్కర్లేదు. జనం గాదెలో రేటింగ్ శ్రేణులు ఎంచుకునే వీలుంది. మీకు ఎదురయ్యేవాళ్ల శ్రేణి ఒక్కటే పెట్టండి. ఇద్దరూ దాదాపు సమానులైన ఆటలు వస్తాయి, రేటింగ్ తేడా గొడవ చాలావరకు పోతుంది. ఒక జాగ్రత్త: లిచెస్ రేటింగూ ఫిడే రేటింగూ ఒకటి కావు. లిచెస్‌లో కొత్తవాళ్లందరూ 1500 దగ్గర మొదలవుతారు, అంకెలు మామూలుగా ఫిడే కంటే ఎక్కువగా ఉంటాయి. ఫిడేలో 2024 మార్చి నుంచి కనీస రేటింగే 1400. కాబట్టి మీ లిచెస్ రేటింగ్‌నే చూసి శ్రేణి పెట్టుకోండి. ఆట వేగం కూడా అంతే. ఒక్క నిమిషం ఆటల్లో పనిచేసే ఎత్తుకు గంట ఆటల్లో దిక్కుండకపోవచ్చు. మీరు ఆడే వేగమే పెట్టండి.

ఇక అసలైన చిక్కు. పట్టికలో ఉన్న శాతం ఒక సగటు. ప్రత్యర్థులు మంచి జవాబులు, చెడ్డ జవాబులు అన్నీ ఇచ్చినప్పుడు ఏమైందో అది చెబుతుంది. మీ ప్రత్యర్థి మంచి జవాబు తెలిసినవాడైతే ఏమవుతుందో చెప్పదు.

ఎంగ్లుండ్ గాంబిట్ అనే ఉచ్చు చూద్దాం. గాంబిట్ అంటే ఆట మొదట్లోనే ఒక బంటును ఎరగా ఇవ్వడం. తెలుపు మంత్రి (క్వీన్) ముందరి బంటును రెండు గళ్లు తోస్తుంది. నలుపు తన రాజు ముందరి బంటును రెండు గళ్లు తోసి, తినమని దానికి ఎదురుపెడుతుంది. తెలుపు తింటుంది. నలుపు గుర్రాన్ని తెచ్చి ఆ బంటు మీద దాడి చేస్తుంది, తెలుపు తన గుర్రంతో కాపాడుతుంది. నలుపు మంత్రిని ముందుకు తెచ్చి మళ్లీ దాడి. తెలుపు శకటుతో (బిషప్‌తో) మళ్లీ కాపాడుతుంది. నలుపు మంత్రి పక్కకు వచ్చి రాజుకు చెక్ చెబుతుంది. తెలుపు శకటును వెనక్కి లాగి అడ్డం పెడుతుంది. నలుపు మంత్రి వెళ్లి ఎడమవైపు బంటును తినేస్తుంది. ఇప్పుడు తెలుపు ఆటగాడికి చేయి దురద పెడుతుంది: శకటును ఒక గడి ముందుకేస్తే ఆ మంత్రి మీదే దాడి కదా! వేశాడా, అయిపోయింది. నలుపు తన శకటును తెచ్చి దాన్ని బిగించేస్తుంది. ఆ తర్వాత ఆట కట్టో, ఏనుగు నష్టమో తప్పదు. శకటు బదులు గుర్రాన్ని అదే గడిలోకి తెస్తే మాత్రం తెలుపు హాయిగా గెలుపు దారిలో ఉంటుంది.

ఈ మలుపు దగ్గర వెయ్యి ఆటలున్నాయని అనుకుందాం. 400 మంది శకటు వేశారు, వాళ్ల మీద నలుపుకు 85 శాతం వచ్చింది: 340 పాయింట్లు. 600 మంది గుర్రం తెచ్చారు, వాళ్ల మీద 40 శాతమే: 240. మొత్తం 580. పట్టికలో నలుపుకు 58 శాతం అని మెరుస్తుంది. నల్లపావులతో 58 అంటే బ్రహ్మాండం! కానీ గుర్రం సంగతి తెలిసినవాడి ముందు మీ చేతిలో ఉన్నది 40. అందుకే ప్రతి ఎత్తుకూ రెండు అంకెలు రాసుకోండి. ఒకటి పట్టిక ఇచ్చిన సగటు. రెండోది, ఒక ఎత్తు ముందుకెళ్లి ప్రత్యర్థి అత్యుత్తమ జవాబు మీద వచ్చే స్కోరు. రెండింటి మధ్య తేడా రెండు మూడు శాతమే అయితే అది గట్టి ఓపెనింగ్. తేడా పది దాటితే అది ఉచ్చు. ప్రత్యర్థి రేటింగ్ పెరిగేకొద్దీ ఉచ్చు విలువ తగ్గుతుంది.

‘అయినా ఉచ్చులో పడేవాళ్లున్నారు కదా, ఆడితే తప్పేంటి’ అని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఎన్నిసార్లు పడతారో లెక్క వేద్దాం. ప్రత్యర్థి మంత్రి ముందరి బంటుతోనే మొదలుపెట్టాలి: రెండింట ఒకసారి అనుకుందాం. ఎర తినాలి: ఐదింట నాలుగుసార్లు. గుర్రంతో కాపాడాలి: ఐదింట మూడుసార్లు. శకటుతో కాపాడాలి: మళ్లీ ఐదింట మూడుసార్లు. చెక్‌కు శకటునే అడ్డం పెడతాడని వదిలేద్దాం. ఆఖరి పొరపాటు చేయాలి: ఐదింట రెండుసార్లు. అన్నీ గుణిస్తే 1,250లో 72, అంటే నల్లపావులతో ఆడే ప్రతి 17 ఆటల్లో ఒకటి. ఏడు రౌండ్ల టోర్నీలో నల్లపావులు మూడు నాలుగుసార్లు వస్తాయి. ఐదు టోర్నీలకు ఒకసారి ఉచ్చు పేలుతుంది. ఆ 17 ఆటల్లో సగం ప్రత్యర్థి వేరే ఎత్తుతో మొదలుపెడతాడు, అక్కడ ఉచ్చు మాటే లేదు. మిగిలిన ఎనిమిదిలో ఒకటి తేలిగ్గా గెలిచి, తక్కినవాటిలో ఎక్కువ ఆటల్లో చేతులారా ఇచ్చేసిన బంటు కోసం ఆట పొడుగునా వెతుక్కోవాలి. నేర్చుకునే వయసులో ఆ బేరం గిట్టదని నా గట్టి అభిప్రాయం.

ఇదే గుణకారం మంచి ఓపెనింగులకూ చేయాలి. ఒక వరుసలో 14వ ఎత్తు దాకా బట్టీ పట్టే ముందు, ఆ చోటుకు మీ శ్రేణిలో ఎన్ని ఆటలు చేరుతున్నాయో పట్టికలోనే చూడొచ్చు. మొదటి ఎత్తు దగ్గర లక్ష ఆటలుండి, మీరు చదువుతున్న చోట 50 మిగిలితే, రెండు వేల ఆటలకొకసారి వచ్చే దానికోసం సాయంత్రం వెచ్చిస్తున్నట్టు. మూడో ఎత్తులో 20 శాతం మంది ఆడే ఒక మామూలు జవాబు మీకు తెలియకపోతే ముందు దాన్ని చూడండి. అది ఐదు ఆటలకొకసారి ఎదురవుతుంది.

ఎంత చదివినా ఓపెనింగ్‌లో దొరికే లాభం ఎంత? ఒక దారికి 54, ఇంకోదానికి 56 ఉందనుకుందాం. రెండు శాతం అంటే 50 ఆటలకు ఒక పాయింటు. టోర్నీకి తెల్లపావులు మూడు నాలుగుసార్లు వస్తాయి కాబట్టి 50 తెల్ల ఆటలంటే 14 టోర్నీలు. ములుగు నుంచి హనుమకొండకో వరంగల్‌కో బస్సెక్కి పోటీలకు వెళ్లే పిల్లలకు అది ఏడాదికి పైబడిన కాలం. ఒక గుర్రాన్ని ఊరికే పోగొట్టుకుంటే పోయేది ఆ రోజే ఒక పాయింటు. తల్లిదండ్రులు ఓపెనింగ్ కోర్సులకు డబ్బు కట్టే ముందు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. రోజుకు గంట దొరికే పిల్లవాడికి ఓపెనింగ్ పట్టిక పావుగంట చాలు. మిగిలిన ముప్పావుగంట ఎత్తుగడల సమస్యలకు, ఆఖరి ఘట్టాలకు ఇవ్వాలి.

కంప్యూటర్ ఉండగా పాత ఆటల లెక్కలెందుకని ఇంకొందరికి సందేహం. స్టాక్‌ఫిష్ లాంటి ఇంజిన్, అంటే ఎత్తులను లెక్కగట్టి విలువ చెప్పే ప్రోగ్రామ్, ఉచితంగానే దొరుకుతుంది. అది ప్లస్ 0.3 అంటే తెలుపుకు కొద్దిపాటి మొగ్గు ఉందని. ఇద్దరూ తప్పు చేయకపోతే ఏమవుతుందో ఇంజిన్ చెబుతుంది. మనుషులు ఎక్కడ తప్పు చేస్తారో పట్టిక చెబుతుంది. ఇంజిన్ సమానం అన్నచోట పట్టికలో ఒకవైపు 57 శాతం గెలుస్తుంటే, ఆ రెండోవైపు ఆడటం మనుషులకు కష్టమని అర్థం. నేనైతే ముందు ఇంజిన్‌తో మరీ చెడ్డ ఎత్తులను తీసేసి, మిగిలిన మూడు నాలుగింటి మధ్య పట్టికను అడుగుతాను.

పట్టికకు ఇంకో పరిమితి ఉంది. అది నిన్నటిదాకా జరిగింది మాత్రమే చెప్పగలదు. 2000లో లండన్‌లో కాస్పరోవ్‌తో ప్రపంచ టైటిల్ పోరుకు దిగిన క్రామ్నిక్, అప్పటికి పెద్దలు పక్కనపెట్టిన బెర్లిన్ డిఫెన్స్‌ను నల్లపావులతో తీశాడు. నాలుగు ఆటల్లో వాడితే నాలుగూ డ్రా. 15 ఆటల్లో కాస్పరోవ్ ఒక్కటీ గెలవలేకపోయాడు, క్రామ్నిక్ 8.5-6.5తో టైటిల్ తీసుకున్నాడు. ఆ ముందు రోజు ఏ పట్టిక చూసినా బెర్లిన్‌ను సిఫారసు చేసి ఉండేది కాదు. ఆ తర్వాత అందరూ ఆడారు, అంకెలు మారాయి. అందుకే పట్టికలో తేదీల గడి కూడా వాడండి, పెద్దల ఆటలు చూసేటప్పుడు గత పదేళ్లవి విడిగా చూడండి.

పైస్థాయిలో ఈ పట్టిక ఇద్దరికీ కంఠతా వచ్చి ఉంటుంది. అక్కడ ఎక్కువ శాతం ఉన్న ఎత్తును ఎంచుకుంటే, ప్రత్యర్థి ఇంట్లో చదువుకుని వచ్చిన చోటుకే వెళ్లినట్టు. సింగపూర్ పోరు 11వ ఆటలో గుకేశ్ గుర్రంతో మొదలుపెట్టి, మూడో ఎత్తుకే ఎడమ అంచు పక్కనున్న బంటును రెండు గళ్లు తోశాడు. జనం పెద్దగా నడవని దారి అది. ఆ ఆట గెలిచాడు. అర్జున్‌కూ ఒకే ఓపెనింగ్‌ను అంటిపెట్టుకోకుండా రకరకాలుగా మొదలుపెడతాడన్న పేరుంది. వాళ్లు పట్టికను తలకిందులుగా చదువుతారు, తక్కువమంది నడిచినా చెడిపోని దారి కోసం. 1500 రేటింగ్ దగ్గరున్నవాళ్లకు ఆ అవసరం ఇంకా రాలేదు. జనం నడిచిన దారే మీకు బడి.

ఏ స్కోరు కావాలో కూడా రోజును బట్టి మారుతుంది. కోనేరు హంపి 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో రెండోసారి మహిళల ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయినప్పుడు, చివరి రౌండ్ నల్లపావులతో గెలిచి 11కు 8.5తో పైకి వచ్చింది. అలాంటి రోజున డ్రాలు 60 శాతం ఉండే ఓపెనింగ్‌కు 49 స్కోరున్నా ఉపయోగం తక్కువ. 46 స్కోరే ఉన్నా, గెలుపు, ఓటమి రెండూ ఎక్కువగా ఉండే దారి కావాలి. కాబట్టి బూడిదరంగు భాగం పొడవు కూడా చూసుకోండి. అర పాయింటు చాలినప్పుడు అది పొడవుగా ఉన్న దారి, గెలుపే కావాల్సినప్పుడు పొట్టిగా ఉన్న దారి.

ఇక మీ సొంత అంకెలు. లిచెస్ పట్టికలో మీ పేరుతో మీ ఆటలు మాత్రమే చూపించే మూడో భాగం ఉంది. తెలుపు, నలుపు విడివిడిగా చూడొచ్చు. టోర్నీల్లో రాసిన స్కోరుషీట్లను కూడా ఇంటికొచ్చాక లిచెస్‌లోకి ఎక్కించి దాచుకోవచ్చు. పిల్లలు వాటిని బ్యాగు అడుగున నలిపేస్తారు, తల్లిదండ్రులు కాస్త అడిగి తీసి పెట్టాలి. అయితే మీ దగ్గర 40 ఆటలే ఉంటే, మన సూత్రం ప్రకారం తేడా 16 శాతం. ఆ శాతం చూసి ఓపెనింగ్ మార్చేయకండి. ప్రతి ఆటలో మీకు తెలిసిన దారి ఏ ఎత్తు దగ్గర ఆగిపోయిందో మాత్రం గుర్తుపెట్టండి. 40లో 12 ఆటలు అయిదో ఎత్తు దగ్గర, ఒకే జవాబుకు ఆగిపోతుంటే, ఈ వారం చదవాల్సింది ఏమిటో తేలిపోయినట్టే.

చివరగా ఒక నియమం, తెలియక చిక్కుల్లో పడకుండా. ఈ పట్టికలు ఆటకు ముందో తర్వాతో చూసుకోవాల్సినవి. టోర్నీలో ఆడేటప్పుడు ఫోన్ దగ్గర దొరికితే ఆట ఓడినట్టు ప్రకటించవచ్చు, కాబట్టి హాల్లోకి వెళ్లే ముందే దాన్ని బయట ఇచ్చేయండి. ఆన్‌లైన్‌లో కూడా ఆట నడుస్తుండగా పట్టిక తెరవడం మోసమే. లిచెస్‌లో ఒక్క మినహాయింపు, ఎత్తుకు రోజుల గడువుండే కరస్పాండెన్స్ ఆటలు. వాటిలో ఇంజిన్ వాడకూడదు కానీ ఓపెనింగ్ పట్టిక చూడొచ్చు. ఇక్కడ చెప్పిన లెక్కలన్నీ నేర్చుకోవాలనుకునేవారు ఒక కరస్పాండెన్స్ ఆట మొదలుపెట్టి, ప్రతి ఎత్తుకూ రెండు అంకెలు కాగితం మీద రాసుకుంటూ ఆడొచ్చు.